కబడ్డీ ఆడినవాళ్ళకు జాకెట్ ముక్కలు

"చదువుకొమ్మని పంపితే కుస్తీలు పడుతుందా అది? పోయి గుంజుకరా అమ్మా!" అన్నాడు నా కొడుకు రాజేశం.

"కుస్తీ గాదు, కబడ్డీ. నీ బిడ్డ ఎన్నడన్న పరీక్ష తప్పిందా?" అంది కోడలు సుజాత.

"తప్పినంక చూద్దామంటవా? సాయంత్రం క్లాసు ఎగ్గొట్టి మైదానంల దుంకుతుందట. హాస్టలామె ఫోన్ చేసి చెప్పింది."

"దుంకనియ్యి. ఇన్నేండ్లు ఇంట్ల ముడుచుకొనే కూసుంది గదా."

"ముడుచుకొని కూసున్నన్ని దినాలు ఎవడన్న ఒక మాటన్నడా?"

"ఇద్దరూ నోర్లు మూయుండ్రి. నేనే పోయి తీసుకొస్తా" అన్నాను. నా మొగ్గు కొడుకు వైపే. మగ్గం మీద వచ్చిన డబ్బుతో మనవరాలు స్వరూపను అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుకు పెట్టాం. కోర్సు ముగించి ఉద్యోగం చూసుకోవాలి గాని పట్నంలో ఆటలేమిటి?

సిద్దిపేటలో ఆరు గంటల బస్సు ఎక్కాను. జొన్నరొట్టెలు, కారం, సీసాలో నీళ్ళు సంచిలో పెట్టుకున్నాను. వెళ్ళేవాళ్ళు ఇవి ఇంటి నుంచే తీసుకెళ్ళండి. బస్టాండులో అమ్మే పూరీ చల్లగా ఉంటుంది, నూనె మాత్రం చేతికంతా అంటుకుంటుంది.

పక్క సీటాయన "ఏడికి పెద్దమ్మా?" అని అడిగాడు.

"అమీర్‌పేటకు."

"ఏం కోర్సు నేరుస్తవు, జావానా?"

ముందు సీట్ల వాళ్ళందరూ నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

తొమ్మిది దాటాక జూబ్లీ బస్టాండులో దిగి, సిటీ బస్సులో అమీర్‌పేట చేరాను. అక్కడ గోడ కనబడదు, అంతా బోర్డులే. నేను నాలుగో తరగతితో ఆపినదాన్ని. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివినా అందులో ఒక్కటీ తెలుగు మాట కాదు. కరపత్రాలు పంచేవాళ్ళు నా చేతిలోనూ ఒకటి పెట్టారు. వెనకవైపు ఖాళీగా ఉంది గనుక పారేయలేదు.

హాస్టలు నడిపే రమాదేవి కోస్తా మనిషి. "ఏంటండీ పెద్దమ్మగారూ, ముందే చెప్పుంటే మీకూ వండించేదాన్ని కదా. రాత్రికి ఉంటే గెస్టు చార్జి ఉంటుందండీ, ఏమనుకోకండి" అంది.

"పడుకోనీకి చాప చాలు. తిండి నా సంచిల ఉంది" అన్నాను.

ఒంటిగంటకు స్వరూప క్లాసు నుంచి వచ్చింది. మోచేతుల నిండా గీరుకున్న గుర్తులు.

"తీసుకపోనీకి వచ్చినవా బాపమ్మా?"

"మరి నీ ఆట చూడనీకి వచ్చిననుకున్నవా?"

"చూడు మరి. సాయంత్రం ఆఖరి మ్యాచుంది. చూసినంక రమ్మంటే వస్తా. ఎదురు చెప్ప."

దానికి ఒప్పుకున్నాను. ఒక్క పూట తేడాతో కొంపలేమీ మునగవు.

నాలుగున్నరకు పంజగుట్ట బస్సెక్కాం. ఆడవాళ్ళ సీట్ల దగ్గర ఒక మగమనిషి నిలబడ్డాడు. బ్రేకు పడకపోయినా స్వరూప మీదకు వాలుతున్నాడు. ఈ పిల్ల ఒకప్పుడు కండక్టరును చిల్లర అడగడానికి భయపడి రూపాయి వదులుకుని వచ్చి నా చేత తిట్లు తిన్నది. ఇప్పుడు అతని కళ్ళలోకి చూసి, "భాయ్, వెనకకు జరుగు. ఇంకా... ఇంకా" అంది. అతను జరిగాడు. తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

"ఎవలు నేర్పిండ్రే నీకు?"

"ఎవలు నేర్పుతరు? రోజూ ఏడుగురు మీద పడతరు బాపమ్మా. ఒక్కడేం లెక్క!"

ఎర్రమంజిల్ వైపు సందుల్లో కాలనీ మైదానం ఉంది. ఇనుప గేటు, లోపల ఎర్రమట్టి, ఒక పక్క షామియానా. స్వరూప జట్టులో తనతో కలిపి హాస్టలు పిల్లలు ముగ్గురు. కృష్ణానగర్ నుంచి వచ్చి సినిమాల్లో గుంపులో నిలబడే అమ్మాయి ఒకతె. ఒక ఆఫీసు ఉద్యోగిని, ఒక నర్సు. నాయకురాలు పద్మ, పంజగుట్టలో జాకెట్లు కుట్టే పిల్ల. ముప్పై నిండాయో లేదో, భర్త పోయాడు. గెలిచిన జట్టుకు ఏడాది పొడుగునా పొద్దున, సాయంత్రం ఈ మైదానం ఇస్తానని కాలనీ ప్రెసిడెంటు మాట ఇచ్చాడట. వాళ్ళకు ఆడుకోవడానికి ఇంకో జాగా లేదు.

ఐదున్నరకు ఆట మొదలైంది. తొందరలోనే పద్మ అవుటయి గీత బయట కూర్చుంది. స్వరూప కూతకు వెళ్ళింది. అవతలివాళ్ళు కాలు పట్టి పడేశారు. మూతి మట్టిలో కూరుకుపోయింది, కూత మాత్రం ఆపలేదు. పాక్కుంటూ వచ్చి నడిమి గీత మీద చెయ్యి వేసింది. ఆ పాయింటుతో పద్మ లేచి మళ్ళీ లోపలికి వచ్చింది. అదీ ఈ ఆటలో పద్ధతి, ఒకరు తెస్తే బయట కూర్చున్న ఇంకొకరు లేస్తారు.

"ఎవరి పిల్లండీ ఆమె?" అన్నాడు పక్క కుర్చీ పెద్దమనిషి.

"మా పిల్లనే" అన్నాను.

మన జట్టు ముందుంది. ఆట ఇంకా ముగియలేదు. ముఖ్య అతిథి కారు వచ్చిందని ప్రెసిడెంటు ఈల వేయించాడు. మైకు తీసుకున్నాడు. "ఆడపిల్లల మధ్య గెలుపోటములెందుకమ్మా? అందరూ మన ఇంటి ఆడపడుచులే. రెండు జట్లూ గెలిచినట్టే. వారంలో మూడేసి రోజులు గ్రౌండు వాడుకోండి."

అంతకుముందు మగపిల్లల మ్యాచు అయినప్పుడు ఇలాంటి మాట చెప్పలేదు. గెలిచినవాళ్ళకు కప్పు ఇచ్చారు. మన పిల్లలు ముఖాలు మాడ్చుకున్నా, మూడు రోజులైనా దొరికాయని ఊరుకున్నారు.

అప్పుడు ప్రెసిడెంటు భార్య పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఆడినవాళ్ళను వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరికి బొట్టు పెట్టి జాకెట్ ముక్క చేతిలో పెట్టసాగింది. అవతలి జట్టు తలవంచి తీసుకుంది. ఇటు వచ్చాక మొదట పద్మే నిలబడి ఉంది. ఆమె భర్త పోయిన సంగతి తెలిసిన ప్రెసిడెంటు భార్య ఆగింది. "ఏమనుకోకమ్మా, శుభమా అని ఇస్తున్నాం కదా" అని పళ్ళెం పక్కకు జరిపింది. కోపం లేదు, ఎగతాళీ లేదు. మర్యాదగానే అంది.

నా భర్త పోయి చాలా ఏళ్ళు. ఆ పళ్ళెం నన్ను దాటిపోవడం నాకు అలవాటే. మోకాళ్ళ మీద మట్టి రాలని పిల్లను దాటిపోతుంటే మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

పద్మ తనే వెనక్కి జరగబోయింది. స్వరూప ఆమె మణికట్టు పట్టుకుంది.

"యాడికక్కా? వరుస ఇడువకు." ఆ పైన పళ్ళెం పట్టుకున్నామెతో, "అక్కకు పెట్టని బొట్టు మాకూ వద్దు మేడమ్" అంది.

"పిచ్చిదానా, గ్రౌండు పోతది. తీసుకో" అని కసిరింది పద్మ.

"పోతే పోనీ."

ఏడుగురిలో ఒక్కరూ చెయ్యి చాచలేదు. "ఇంత గౌరవిస్తే ఏంటమ్మా ఈ తలపొగరు!" అన్నాడు ప్రెసిడెంటు మైకు ఆపకుండానే. జనం వినోదం చూసినట్టు చూశారు. నా పక్క పెద్దమనిషి కుర్చీ అటు తిప్పుకున్నాడు.

అమీర్‌పేట దాకా నడిచే వచ్చాం.

పంజగుట్టలో ఆడవాళ్ళకు మర్యాద కావలసినంత దొరుకుతుంది, ఆడుకోవడానికి జాగా దొరకదు. వెళ్ళేవాళ్ళు ఇది తెలుసుకుని వెళ్ళండి.

మర్నాడు పొద్దున ఆరు గంటలకు పిల్లలతో నేనూ మైదానానికి వెళ్ళాను. గేటుకు తాళం ఉంది. "మీ జట్టును రానియ్యొద్దన్నడు సార్. గ్రౌండు మొత్తం అవతలి జట్టోళ్ళకే ఇచ్చిండు" అన్నాడు వాచ్‌మన్. పద్మ దుకాణం తెరవడానికి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు తలో దారి పట్టారు. హాస్టలుకు వచ్చి స్వరూప తన బ్యాగు సర్దుకుంది.

"నడువు బాపమ్మా. మాటిచ్చిన గదా."

"క్లాసెప్పుడు?"

"తొమ్మిదికి."

"పో మరి. ఆడనీకి ఇంకో జాగ ఎతుక్కోండ్రి. మీ నాయనకు నేను చెప్పుకుంటా."

పది గంటలకు జూబ్లీ బస్టాండులో సిద్దిపేట బస్సెక్కి, ఒక టికెట్టు తీసుకున్నాను.