అత్తరు పూసుకుని పట్టుపురుగుల దగ్గరికి

మదనపల్లెలో ఉదయం ఆరున్నర బస్సు ఎక్కినప్పుడు నా సంచిలో ఆధార్ కార్డు, నీళ్ల సీసా, డైరీ ఉన్నాయి. డైరీలో ఏడు ప్రశ్నలు. ఆరు నావి, ఒకటి మా నాయనది.

నాయన పట్టుచీరలు నేస్తాడు. ఇంటర్ బైపీసీ అయిపోయిన నన్ను ఫార్మసీలో చేర్చాలని ఆయన ఆలోచన. నాకేమో పట్టుపురుగులు పెంచే ఊళ్లు తిరిగి, వాటికి జబ్బు చేస్తే కారణం కనిపెట్టే ఉద్యోగం కావాలి. ఆ పురుగుల పుస్తకం లైబ్రరీ నుంచి మూడుసార్లు తెచ్చుకుని చదివాను. ఆ డిగ్రీ కుప్పంలో ఒక కాలేజీలో ఉందని తెలిసింది. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టడానికి ఈ ప్రయాణం మర్నాడే ఆఖరు. నాయన మగ్గం గుంటలో కూర్చునే తేల్చేశాడు.

"ఒక్కదానివే పోయి నోరు తెరిచి అడుగు. నాది గూడా ఒకటుండాది. వానాకాలం పట్టు మగ్గం మింద యాల అన్నిసార్లు తెగుతాది? జవాబు తెస్తే నీ ఇష్టం. తేకుంటే ఫార్మసీ."

చుట్టాలింట్లో మంచినీళ్లు అడగడానికి పది నిమిషాలు ఆలోచించే మనిషిని నేను. అది ఆయనకు బాగా తెలుసు.

మా ఇంట్లో పట్టు అంటే పెళ్లి. పట్టు పుట్టే చోటికి మామూలుగా ఎలా వెళ్తాను? ముఖానికి పౌడరు, జడలో రెండు మూరల మల్లెలు. కండక్టరు ఆధార్ చూసి, ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు కొట్టాడు. ఏడున్నరకు పుంగనూరులో దిగి, బస్టాండు పక్కన నాలుగు ఇడ్లీలు తిని, ఎనిమిదింటి కుప్పం బస్సులో కిటికీ పక్క సీటు పట్టాను.

పక్కన కూర్చున్నామె వి.కోటలో గాజులూ అత్తరూ అమ్ముతుందట.

"యాడికి బేటీ, ఇంత సింగారించుకోని? పెండ్లి సూపులకా?"

"కాలేజీ చూడ్డానికి."

"కాలేజీని నువ్వు సూస్తావా, కాలేజీనే నిన్ను సూస్తాదా?" అని నవ్వి, సీసా మూత తీసి నా మణికట్లకూ చెవుల వెనకా అత్తరు పూసింది. "మంచి పనికి మంచి వాసనతో పోవల్ల."

వి.కోటలో ఆమె దిగిపోయినా నా చుట్టూ అత్తరు దిగలేదు. పదకొండుకు కుప్పం. అక్కడి నుంచి షేర్ ఆటో.

ఆఫీసు గుమాస్తా నా చేతిలో డైరీ చూసి, "అడ్మిషన్ సంగతా? అవి సూసే మేడం పురుగుల షెడ్డులో ఉండారు" అన్నాడు. నోరు తెరవకుండానే ఒక గండం గడిచింది.

జబ్బులు లోపలికి పోకుండా షెడ్డు గడప దగ్గర సున్నం చల్లి ఉంది. లోపలి నుంచి వచ్చిన మేడం నాలుగడుగుల దూరంలోనే ముక్కు ఎగబీల్చారు.

"ఆడే నిలబడు. పౌడరు, పూలు, అత్తరు. పెండ్లికొచ్చినావా, పురుగుల కాడికొచ్చినావా? ఈ వాసనకు అవి మేత ముట్టవు తల్లీ. కడుక్కోని రా."

పూలు తీసేశాను. పౌడరు పోయింది. అత్తరు మాత్రం మూడుసార్లు సబ్బు పెట్టినా పోలేదు. మూడుసార్లూ ఆమె నా మణికట్టు వాసన చూసి తల అడ్డంగా ఊపారు. చివరికి గాలి బయటికి వీచే వైపున్న జాలీ కిటికీ చూపించారు.

"ఆ కాడ నిలబడి అడుగు. నాకు లోపల పనుండాది. గట్టిగా అడగల్ల."

నా మొదటి ప్రశ్న జాలీ దాటలేదు. "వినపళ్ళేదు" అన్నారు. రెండోసారి దాటింది. నాలుగో ప్రశ్నకు మల్బరీ ఆకు కోస్తున్న ఆడవాళ్లు పని ఆపి నన్నే చూశారు. సిగ్గుపడే తీరిక లేదు, నావి ఇంకా రెండున్నాయి.

"మందులు సదవాలంటే ఫార్మసీకి పో. పురుగును సదవాలంటే ఈడికి రా," అన్నారు మేడం. "డిగ్రీ కాగానే ఉద్యోగం ఒళ్లో పడదు. సర్కారు పోస్టులు ఎప్పుడోగాని రావు. అంతదాకా పిల్లపురుగుల్ని పెంచి రైతులకిచ్చే కేంద్రాల్లో పని. ఎండలో ఊర్లు తిరగల్ల. తిరగతావా?"

"తిరుగుతాను" అని అరిచాను.

తట్టల్లో పురుగులు ఆకు తింటున్న చప్పుడు, నూరుమంది ఒకేసారి పుస్తకాల పేజీలు తిప్పుతున్నట్టుంది. ఒక మూల వెదురు చట్రాల్లో కొన్ని గూళ్లు కడుతున్నాయి. చినుకులు మొదలై పనామె కిటికీ మూయబోతే మేడం కసిరారు. "మూయద్దు. గూడు కట్టే యాళ గాలాడల్ల. తేమ పడితే పోగు సక్కగా ఊడి రాదు." బాగుందని అదీ డైరీలో రాసుకున్నాను.

కుప్పం బస్టాండు దగ్గర రాగిసంగటి, పప్పు తిని రెండింటి బస్సెక్కాను. పాటలొస్తే పాడేదాన్నే. వి.కోట దగ్గర డైరీ తెరిచాను. ఆరు ప్రశ్నలకు టిక్కులు. ఏడోది ఖాళీ. నాయన ప్రశ్న అడగడమే మర్చిపోయాను. వెనక్కి వెళ్లేసరికి కాలేజీ మూసేస్తారు.

పేజీ తిప్పితే కిటికీ మాట కనిపించింది. రెండుసార్లు చదివి నాయనకు ఫోన్ చేశాను.

"నాయనా, వానాకాలం పురుగు తేమలో గూడు కడతాది. పోగు అతుక్కోనుంటాది. తీసేటప్పుడు తెగుతాది, అతుకులేస్తారు. ఆ అతుకుల కాడే నీకు తెగుతాండాది."

ఫోన్లో మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"ఎవురు సెప్పిరి?"

"ఎవురూ సెప్పలేదు. సూసి, నేనే అనుకున్యా."

"ఇన్నేండ్లూ పట్టు అమ్మినోన్ని తిట్టుకుంటి గదే," అన్నాడు. కాసేపటికి మగ్గం మళ్లీ కదిలింది. "కుప్పమే మొదట పెట్టు."

ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. పూలూ పౌడరూ ఇంట్లో పెట్టి వెళ్లండి. అత్తరు ఎవరైనా పూస్తే మాత్రం వద్దనకండి.

ఫోన్ పెట్టేముందు నాయన ఇంకో మాటన్నాడు. "కొంచెం మెల్లిగా మాట్లాడు మే. మగ్గం కంటే నీ గొంతే ఎక్కువుండాది."

ఆ మాట నాతో ఎవరైనా అనడం ఇదే మొదటిసారి. బస్సు కుదుపుల్లోనే, వంకరటింకరగా, డైరీలో రాసుకున్నాను.