షెల్టరు తాళం మా పేటలోనే ఉంది

మా మేడం గారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున గుడివాడలో కాలేజీకి బయల్దేరుతూ గొడుగు వెతుక్కుంటుంటే ఊరినుంచి మా అమ్మ ఫోను చేసింది. "మీ మేడం గారు ఇంక లేరే. కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నారంట, అలాగే వెళ్ళిపోయారంట" అంది. సరిగ్గా అప్పుడే గొడుగు చేతికి తగిలింది. అదీ ఆవిడ ఇచ్చిందే. ఉద్యోగంలో చేరిన రోజు అందరూ పెన్నులిస్తే ఆవిడ గొడుగిచ్చారు.

ఆవిడ బందరు కాలేజీలో పాతికేళ్ళకు పైగా పొలిటికల్ సైన్సు చెప్పారు. మా ఇద్దరిదీ దివిసీమలో సముద్రానికి దగ్గరున్న ఒకే ఊరు. ఊరు ఒకటేగానీ వాళ్ళది పెద్ద రైతు కుటుంబం, మాది మురుగుకాలవ అవతల క్రైస్తవుల పేట. పాఠం చెప్పడానికి ఆవిడ, చదువుకోవడానికి నేను, రోజూ ఒకే బస్సులో బందరు వెళ్ళేవాళ్ళం. పక్క సీటు ఖాళీగా ఉన్నా నేను మొదటి ఏడాదంతా నిలబడే వెళ్ళాను. ఒకరోజు ఆవిడకి విసుగొచ్చింది. "నిలబడితే కండక్టరు టికెట్టు తగ్గిస్తాడా? కూర్చోవే" అన్నారు. కూర్చున్నాను. ఆ రోజునుంచి నా చదువు సగం బస్సులోనే సాగింది.

ఎండాకాలంలో కూడా ఆవిడ చేతిలో గొడుగుండేది. చిన్నప్పుడు ఉప్పెనలో వాళ్ళమ్మ కొట్టుకుపోయింది. వాళ్ళన్నయ్య తన పంచెతో ఆవిడని తాటిచెట్టుకి కట్టి బతికించాడు. "ఉప్పెనకి గొడుగేం చేస్తుంది మేడం?" అని అడిగితే, "ఏమీ చేయదు. చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదే" అని నవ్వేవారు.

క్లాసులో ప్రపంచ పటం పక్కనే కృష్ణా జిల్లా పటం తగిలించేవారు. చెప్పేది అంతర్జాతీయ రాజకీయాలు. ఈ పటం ఎందుకని ప్రిన్సిపాల్ గారే ఓసారి అడిగారు. "ఆ ప్రపంచంలో ఇది లేదాండీ?" అన్నారు మేడం.

ప్రజాస్వామ్యం ఇస్తామంటూ పెద్ద దేశాలు చిన్న దేశాల మీద బాంబులు వేసిన సంగతులు చెప్పి, "ఇంటికి నిప్పంటించి దీపం పెట్టామంటే నమ్ముతామా?" అనేవారు. ఎన్నికలు పెట్టిన ప్రతి దేశాన్నీ ఆవిడ మెచ్చుకునేవారు కాదు. అడిగినవాడికి జవాబు చెప్పాల్సిన భయం పదవిలో ఉన్నవాడికి ఉందా లేదా అన్నదే ఆవిడ కొలత. మానవ భద్రత పాఠం రోజు చెప్పిన మాట నా నోట్సులో ఇంకా ఉంది: "యుద్ధం లేదు కదా అని మనిషి నిద్రపోతున్నాడనుకోకండి. ఆకలేసినా, ఇల్లు కూలినా, నోరు మూయించినా నిద్ర పట్టదు."

పరీక్షలో ఆవిడదొక పద్ధతి ఉండేది. ప్రపంచం గురించి ఎంత రాసినా, చివర మన ఊరి సంగతి ఒకటి రాయకపోతే సగం మార్కులే. చిలకలపూడినుంచి వచ్చే అబ్బాయి, కవరింగ్ నగలకి పూత పూసే గదిలో వాళ్ళ నాన్న దగ్గుతూ పనిచేస్తున్న సంగతి రాశాడు. ముదినేపల్లి అమ్మాయి చేపల చెరువులొచ్చాక వాళ్ళ వీధి కుళాయి నీళ్ళు ఉప్పగా మారాయని రాసింది. నేను మాత్రం ఆ ఒక్క సంగతీ రాయకుండా ప్రతిసారీ సగం మార్కులే తెచ్చుకునేదాన్ని. రాయడానికి లేక కాదు. ఉన్నది ఆవిడ ఇంటి సంగతి. ఊరి తుఫాను షెల్టరు తాళం వాళ్ళింట్లోనే ఉండేది.

నా చదువు చివరి ఏడాది కోతల సమయంలో తుఫాను హెచ్చరిక వచ్చింది. పేటవాళ్ళం మూటలు, పిల్లలతో తుఫాను షెల్టరుకి వెళ్ళాం. తలుపుకి తాళం. తాళంచెవి మేడం గారి అన్నయ్య దగ్గరుంది. అప్పుడాయనే ఊరి ప్రెసిడెంటు. కబురు పెడితే వచ్చారు, తలుపు కూడా తీశారు. లోపల గుమ్మందాకా ధాన్యం బస్తాలు. "మీరే చూడండమ్మా, కాలు పెట్టే చోటుందా? పంట తడిస్తే ఊరు ఏం తింటుంది? మీరు బడికి వెళ్ళండి" అన్నారు. ఆయన దుర్మార్గుడు కాదు. ఏడాది కష్టం తడిసిపోతుందన్న కంగారు తప్ప ఆ క్షణాన ఆయనకి మరేదీ కనిపించలేదు. మా అమ్మ చిన్న తమ్ముణ్ణి ఎత్తుకుని ఆ మెట్ల మీద తడుస్తూ నిలబడింది. తర్వాత రేకుల బడికి నడిచాం. తుఫాను అటు తిరిగి ఎక్కడో తీరం దాటింది. అందరం బతికాం. ఏమీ కాలేదు కదా అంది ఊరు.

తర్వాతి పరీక్షలో ప్రశ్న, ప్రపంచ రాజకీయాల్లో ప్రజాస్వామ్యం, మానవ భద్రత. ఆరు పేజీలు నింపాను. చివర చెయ్యి ఆగలేదు. "మా ఊరి షెల్టరు తాళం ప్రెసిడెంటు గారింట్లో ఉంది. తుఫానుకి ధాన్యం లోపల ఉంది. మేం బయట ఉన్నాం" అని రాసేశాను. ఇచ్చాక భయంతో రెండు రోజులు ఆ బస్సు ఎక్కలేదు.

మూడో రోజు ఆవిడే మా పేటకి వచ్చారు. పేపరు నా చేతిలో పెట్టారు. నిండా మార్కులు. "ఆ బియ్యం నేనూ తింటున్నానే. ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆ నెల గ్రామసభలో ఆవిడ లేచి నిలబడ్డారు. ఎదురుగా కుర్చీలో సొంత అన్నయ్య. షెల్టరులో ధాన్యం ఎందుకుందో సభకి చెప్పమన్నారు.

"ఇంటి పరువు సభలో తీస్తావా అమ్మాయ్?" అన్నారాయన.

"ఇంట్లో అడిగితే నీకూ నాకూ మధ్యే ఉండిపోతుంది అన్నయ్యా. వీళ్ళకి జవాబు కావాలి."

"పంట తడిస్తే?"

"పంట తడిస్తే ఆరబెట్టుకుందాం. మనిషి మునిగితే ఆరబెట్టుకోలేం. నన్ను చెట్టుకి కట్టినవాడివి, నీకు నేను చెప్పాలా?"

చివరికి తీర్మానం రాశారు. షెల్టరులో ధాన్యం పెట్టకూడదు. ముందు మునిగేది పేట కాబట్టి తాళం పేటలోనే ఉండాలి, మా అమ్మ దగ్గర. ఎవరి దగ్గరుంటే వాళ్ళే వచ్చి తీయాలి, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. ఆ చివరి మాట మేడం గారు పట్టుబట్టి రాయించారు. తీర్మానం కింద ప్రెసిడెంటుగా మొదటి సంతకం ఆయనే చేశారు. చేసి, ఆరు నెలలు చెల్లెలితో మాట్లాడలేదు. ఆ ఆరు నెలలూ బస్సులో ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చునేవారు.

కొన్నేళ్ళ తర్వాత ఆవిడని ఢిల్లీలో ఒక పెద్ద సదస్సుకి పిలిచారు. పరదేశాల ప్రొఫెసర్లున్న ఆ సభలో ఆవిడ మా అమ్మ గురించి, మా ఇంటి గోడకున్న మేకు గురించి, దానికి వేలాడే తాళంచెవి గురించి చెప్పి వచ్చారు. "వాళ్ళు రాసుకున్నారే!" అని చిన్నపిల్లలా చెప్పారు. నాకు గర్వంగా ఉంది. అప్పుడూ, ఇప్పుడూ. ఈ రోజు గుడివాడలో అదే పాఠం నేను చెబుతున్నాను. ఊరి సంగతి రాయనివాళ్ళకి నేనూ సగం మార్కులే వేస్తున్నాను. తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

ఆ మంగళవారం మధ్యాహ్నానికి ఊరు చేరాను. బందరునుంచి, గుడివాడనుంచి ఎప్పటెప్పటి విద్యార్థులో వచ్చారు. ఇంతలో వాన పట్టుకుంది. మేడం గారింటి వాకిట్లో వేసిన షామియానా కుంగిపోయింది. ముసలివాళ్ళు, పిల్లలు తడిసిపోతున్నారు. అప్పుడు ఆయన, డెబ్భై దాటిన ఆ అన్నయ్య, కర్ర పట్టుకుని కాలవ దాటి మా గుమ్మం ముందుకి వచ్చి నిలబడ్డారు.

"అమ్మా, చెల్లాయిని చూడ్డానికొచ్చినవాళ్ళు తడిసిపోతున్నారు. షెల్టరు తీస్తావా?"

మేకు మీది తాళంచెవికి ఆయన చెయ్యి చాపలేదు. మా అమ్మా తీసి ఇవ్వలేదు. "మీరు పదండి ప్రెసిడెంటు గారూ, వచ్చి తీస్తాను" అంది. పదవి పోయి ఎన్నేళ్ళయినా మా అమ్మకి ఆయన ప్రెసిడెంటు గారే.

నేను కూడా వెనకే వెళ్ళాను. ఒకప్పుడు మా అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడ్డ ఆ మెట్ల మీదే ఆయన తడుస్తూ నిలబడ్డారు. మా అమ్మ నా చేతిలోని గొడుగు లాక్కుని, ఒక చేత్తో ఆయన తల మీద పట్టి, రెండో చేత్తో తాళం తీసింది. లోపల నేల ఖాళీగా, శుభ్రంగా ఊడ్చి ఉంది.