దొరువు గట్టు మీద మొదటి క్లాసు

ఆ రోజుల్లో ఇసుకలోంచి మంచినీళ్ళు వస్తాయని ఎవరైనా అంటే నాకు నవ్వొచ్చేది. చిలకలూరిపేటలో మిల్లుల పక్క వీధిలో పెరిగినదాన్ని. నీళ్ళంటే కుళాయి, కుళాయంటే క్యూ, క్యూ అంటే పోట్లాట, అంతవరకే నా జ్ఞానం. పెళ్ళై చీరాల దగ్గర అత్తగారి ఊరు వచ్చాకగానీ దొరువు చూడలేదు. సముద్రం హోరు వినపడేంత దూరంలో, తెల్లటి ఇసుక నేలలో వెడల్పుగా ఓ గుంట తవ్వితే చాలు, అడుగున తియ్యటి నీళ్ళు మెల్లగా ఊరి పొద్దుటికల్లా అద్దంలా నిలిచేవి. దిగి, బిందె ముంచుకొచ్చి, చుట్టూ ఉన్న మళ్ళకి పోసుకోవడమే. (మోటారు స్విచ్ నొక్కడం అలవాటైనవాళ్ళు ఇది చదివి నా నడుము మీద జాలిపడవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.)

అప్పట్లో నాకు ఒకటే పిచ్చి: బీఈడీ చదవాలి, టీచరమ్మని కావాలి. మామయ్యగారు కాదనలేదు, అలాగని అవుననలేదు. "చూద్దాంలేమ్మా" అన్నారు. కాలేజీలో చేరే గడువు దగ్గరపడుతోంది, ఆయనింకా చూస్తూనే ఉన్నారు. ఇంతలో అత్తయ్య మిరప గింజలు చల్లి, "ఈ నారు నీ పూచీ అమ్మాయ్" అని నాకప్పగించింది. ఇక ఇదే నాకు పెట్టిన పరీక్ష అని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. నారు బతికితే బీఈడీ, మాడితే వంటిల్లు.

అత్తయ్యతో చిక్కేమిటంటే ఆవిడ దేన్నీ చేత్తో చూపించదు. చేతులెప్పుడూ ఖాళీగా ఉండవు కాబట్టి గడ్డం ఎగరేసి చూపిస్తుంది. ఆ రోజూ నెత్తిన పుల్లల మోపుతో వెళ్తూ, "అదిగో, ఆ మళ్ళకి పొయ్యి" అని గడ్డం ఇలా విసిరింది. దొరువుకి రెండు పక్కలా ఒకేలాంటి ఇసుక మళ్ళు. ఏ పక్క అని అడుగుదామంటే కొత్త కోడలి బిడియం. ఎడమ పక్కే అయ్యుంటుందిలే అనుకుని మొదలుపెట్టాను.

ఆ ఉదయాలు తలుచుకుంటే ఇప్పటికీ అరికాళ్ళకి చల్లగా తగులుతుంది. నీళ్ళలో తాటిచెట్ల నీడలు, వాటి మధ్య చిన్న చిన్న చేపపిల్లలు. బిందె ముంచితే ఆకాశం అంతా చెదిరిపోయి, మళ్ళీ నెమ్మదిగా అతుక్కునేది. చంకన బిందె, దాని మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి చిలకరిస్తుంటే తెల్లటి ఇసుక గోధుమరంగుకి తిరిగేది. అది చూస్తూ, కుడి పక్కకి తలైనా తిప్పకుండా నేనెక్కడికో వెళ్ళిపోయేదాన్ని. ముందు వరస మడి ఏడో తరగతి, దాని వెనకది ఎనిమిది. "ఆకులు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయో చెప్పండి" అని అడిగి, ఎవరూ చెప్పకపోతే నేనే విడమరిచి చెప్పేదాన్ని. (ఆకన్నది ఒక్కటీ లేని ఇసుకకి!) "ఏయ్, మూలనున్న మడీ, ఎటు చూస్తున్నావ్?" అని గద్దించేదాన్ని కూడా.

ఓ పొద్దున చూద్దును కదా, పచ్చగా మొలకలు! బిందె అక్కడే పడేసి, "మొలిచింది! నారు మొలిచింది!" అని ఇంటిదాకా పరిగెత్తాను. మామయ్యగారు కండువా దులుపుకుంటూ వచ్చారు, వెనకాలే అత్తయ్య. ఆయన వంగి, ఓ మొలక పీకి, వాసన చూసి, నా మొహంలోకి చూశారు.

"ఇది తోటకూర కదమ్మా."

పాత గింజలెక్కడో ఇసుకలో పడుంటే, నా పుణ్యమా అని లేచాయన్నమాట. మిరప చల్లింది కుడి పక్కన. అటు తిరిగి చూడాలంటే భయమేసింది. అయిపోయింది, నారూ పోయింది, బీఈడీ పోయింది అనుకుంటూ చూద్దును కదా, అక్కడ నారు ఒత్తుగా, చక్కగా నిలబడి ఉంది.

"మరి వాటికి నీళ్ళెవరు పోశారే?" అన్నారు మామయ్యగారు.

"నేనే. తెల్లారగట్ట లేచి పోస్తన్నా" అంది అత్తయ్య, ఏమీ ఎరగనట్టు.

నాకు ఏడుపొచ్చేసింది. "నాకు చెప్పొచ్చు కదత్తయ్యా!"

"చెబ్దామనే వచ్చానే మొదటిరోజు. నువ్వు పాఠం చెబుతున్నావ్. మధ్యలో ఎట్టా ఆపను?" అని, మామయ్యగారి వైపు తిరిగింది. "ఏవయ్యా, వినిపిచ్చుకోని ఇసక్కే అంత ఓపిగ్గా చెప్పింది, పిల్లకాయలకి చెప్పదా? ఇంకా ఏం చూస్తావ్? రేపే తీసుకెళ్ళి చేర్పిచ్చు."

ఆ మధ్యాహ్నం మామయ్యగారు తోటకూర పప్పు రెండుసార్లు అడిగి వడ్డించుకున్నారు.

ఇప్పుడు ఆ దొరువు పూడిపోయి, పక్కనే బోరు వచ్చింది. అత్తయ్య మంచం దిగకుండానే ఇల్లంతా గడ్డంతో నడిపిస్తోంది. నేను క్లాసులో ఆకుల పాఠం చెబుతుంటే, చివరి బెంచీలో ఎవరో ఒకరు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటారు. గద్దించబోయి, నేనూ అటే చూస్తాను. చంకన బిందెతో ఓ పిల్ల ఖాళీ మళ్ళకి నీళ్ళు పోస్తూ, తనలో తను మాట్లాడుకుంటూ ఉన్నట్టనిపిస్తుంది. పక్క మళ్ళు చూపిద్దామా అనుకుంటాను. కానీ పిలవను. పాఠం మధ్యలో ఉంది కదా పాపం.