రేడియోలో ఆయన పేరు

మా ఆయన పట్టాళంలో లారీ నడపడానికి వెళ్లారు. సింగపూరు జపానువాళ్ల చేతిలో పడ్డప్పటి నుంచి ఉత్తరం లేదు. ఉన్నారో లేదో చెప్పే నాథుడు లేడు. పుత్తూరులో అత్త, నేను, ఇద్దరమే.

పక్కింటి శెట్టిగారికి రేడియో ఉండేది. మద్రాసు వార్తలైతే తలుపులు బార్లా తీసి వీధికంతా వినిపించేవారు. శుక్రవారం సాయంత్రం మాత్రం తలుపులు మూసి, పెట్టె మీద కంబళి కప్పి, శత్రువుల స్టేషను పట్టేవారు. అందులో ఖైదీలుగా దొరికిన మనవాళ్ల పేర్లు, ఊర్లు చదువుతారట. వింటున్నట్టు తెలిస్తే పెట్టెతో పాటు మనిషినీ పట్టుకుపోతారని భయం. పోలీసుస్టేషను మా వీధి చివరే. అందుకని ఆ అరగంటా శెట్టిగారి భార్య, నేను వాకిట్లో మిరపకాయలు దంచేవాళ్లం. దంచిన కారమే మళ్లీ దంచేవాళ్లం. బూట్ల చప్పుడు వినిపిస్తే రేడియో గొంతు బయటపడకుండా రోకలి ఇంకా గట్టిగా వేసేదాన్ని.

ఒక శుక్రవారం శెట్టిగారు చెమటలు కక్కుతూ బయటికి వచ్చారు.

"పాపా, పుత్తూరని ఒక పేరు చదివినారు. మీ ఆయన అసలు పేరేంది? మేమంతా చిన్నోడా అనే పిలిస్తిమి."

మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పేది. పెళ్లయి అత్తారింటి గడప తొక్కేటప్పుడు ఆడపడుచులు పట్టుబట్టి చెప్పించిందే, అంతే.

"మీరు ఇన్నదేందో చెప్పండన్నా."

"నేను చెప్తే నువ్వు తలూపేస్తావు. ఆశ అట్లాంటిది. నీ నోట్లోనుంచే రావల్ల."

అంగట్లో తూకం చూడకుండా చింతపండు కూడా ఇవ్వని మనిషి ఆయన.

"వాళ్లత్తను అడిగితే పోలా?" అన్నది భార్య. మా అత్తకు బ్రహ్మచెవుడు. ఆమెకు వినపడేలా అరిస్తే ముందు పోలీసులకే వినపడుతుంది. రాసిద్దామంటే అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు.

బతికున్నారని తెలియాలంటే బతుకు తగ్గించే మాట నేనే అనాలి. రోకలి పక్కన పెట్టాను. గొణుగుతూ అనేశాను.

"అదే పేరు పాపా," అన్నారు శెట్టిగారు.

ఏడ్చాను. సంతోషం ఒక్క క్షణమే. యుద్ధం ముగిసి ఆయన రైలు దిగేదాకా, ఎంత తగ్గించేశానో అనే దిగులుతోనే పడుకున్నాను, లేచాను. వచ్చాక కూడా పేరు పలికిన సంగతి ఆయనతో అనలేదు. నాకు చదువు నేర్పింది ఆయనే.

యాభై నిండకుండానే పోయారు. గుండెజబ్బు అన్నాడు డాక్టరు. నేను నమ్మినట్టు తలూపాను.

ఇక తగ్గడానికి ఏమీ మిగల్లేదని తెలుసు. అయినా ఇక్కడ ఆయన పేరు రాయడానికి చెయ్యి రాలేదు.