జీతానికి కబడ్డీ ఆడిన రోజులు

ఆ రోజుల్లో ఆడపిల్లకు సర్కారు ఉద్యోగం రావడమే గొప్ప. నాకైతే కబడ్డీ ఆడినందుకు వచ్చింది. ఆటల కోటాలో చేరాను కనుక పొద్దున నారాయణగూడ గ్రౌండులో సాధన, మధ్యాహ్నం ఆఫీసులో ఫైళ్లకు దారాలు కట్టడం. నాన్న పనిచేసే ప్రెస్సు మూతపడడంతో చిక్కడపల్లిలో మా ఇంటి కిరాయి నా జీతం మీదే నడిచేది. నేనింకా పర్మనెంట్ కాలేదు. సర్కారు ఉద్యోగుల కబడ్డీ పోటీల ఫైనల్‌కు ముందురోజు (మంగళవారం; మా అక్క బుధవారమంటుంది, తప్పు) ఆఫీసరు పిలిచి, "కప్పు రాకుంటే నిన్ను ఉంచుమని పెద్దసారుకు ఏమని చెప్పాలె బిడ్డా?" అన్నారు. ఆ పూట నుంచి అన్నం ముట్టలేదు. "ఏం గాదు, జర పెరుగన్నమన్న తిను" అంటూ అమ్మ తన భయాన్ని కూడా నా కంచంలోనే కలిపింది.

అవతలిది టీచర్ల జట్టు. వాళ్ల కెప్టెన్‌ను చూసి గీత దగ్గరే ఆగిపోయాను. బడిలో నాకు కబడ్డీ నేర్పిన డ్రిల్లు టీచరే ఆమె! "ఏమే, గింత బక్కగయినవ్? ఇంట్ల తిండి పెడ్తలేరా?" అని అందరి ముందూ అడిగింది. చివరి కూత నాది. స్కోరు సమానం. ఊపిరి బిగబట్టి వెళ్లి కాలు చాపితే నేరుగా టీచరు మోకాలికే తగిలింది. ఇక వెనక్కి ఉరికి గీత దాటితే చాలు, కప్పు మాదే. కానీ పెద్దవాళ్లకు కాలు తగిలితే ఏం చేస్తాం? ఆలోచన కంటే ముందే నడుము వంగింది. ఆమె మోకాలు తాకి కళ్లకద్దుకున్నాను. (కూత మాత్రం ఆపలేదు, అది రాసుకోవాలి.) "దీవెన తర్వాత ఇస్త గానీ, ముందుగాల దీన్ని పట్టుండ్రే!" అని టీచరు అరవడం, జట్టు జట్టంతా నా మీద పడడం ఒకేసారి జరిగాయి. కప్పు వాళ్లదైంది.

మర్నాడు ఆఫీసరు గది బయట గోడకానుకుని నిలబడ్డాను, ఇంట్లో ఏం చెప్పాలా అని. లోపలికి పిలిచారు. "గెలిచే టైముల గూడ వంగి దండం పెట్టినవ్. నువ్వు ఆటకు పనికిరావు" అన్నారు. వెళ్లిపోదామని తలుపు వైపు తిరిగాను. "క్యాషు సీటుకు నమ్మకమున్న మనిషి కావాలె. పెద్దసారుతోని మాట్లాడిన. కూసుంటవా?"

రిటైరయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. ఇప్పుడు నడకకు అశోక్ నగర్ వైపు వెళ్తే, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు టీకొట్ల దగ్గర గోళ్లు కొరుక్కుంటూ కనిపిస్తారు. ఆనాటి ఆ బక్కపిల్ల కూడా వాళ్లలో నిలబడి ఉంటే, టీ తాగించి "ఊకో బిడ్డా, అయితది" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా నమ్మేది కాదు, మొండిది.