సన్న ఉలి

బందరు రోడ్డులో ఆగిపోయిన లారీ దగ్గర గేరు ఆయిల్ వాసన తగిలితే చాలు, నాకు మావయ్య ముందుపళ్ళు గుర్తొస్తాయి.

అవనిగడ్డలో నాన్నకు లారీల షెడ్డు ఉండేది. అమ్మ తమ్ముడు హంసలదీవిలో చేపల వేట మానేసి, పని నేర్చుకుంటానని వచ్చాడు. మూడో రోజునే నాన్న అతనికి లారీ వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ యోక్ నట్టు విప్పే పని అప్పగించాడు. బిగించాక, వదులు కాకుండా ఆ నట్టు అంచును గాడిలోకి కొట్టేస్తారు. ముందు సన్న ఉలితో ఆ అంచు పైకి లేపకపోతే ఎంత లాగినా తిరగదు. నాన్నకు ఎప్పుడూ ఆ ఉలి అందించేది నేనే.

ఆ రోజు నాన్న దాన్ని నా గౌను జేబులో వేసి, "అడిగినా ఇవ్వకే, తమాషా చూద్దాం" అన్నాడు. అదొక దాగుడుమూతల ఆట అనుకున్నాను.

మావయ్య పెద్ద బాక్స్ పానా పెట్టి, దాని కాడకు పైపు తొడిగి వేలాడాడు. అరచేతులు బొబ్బలెక్కాయి కానీ నట్టు కదల్లేదు.

"తెడ్డు వేసినంత తేలిక కాదురా ఇది," అన్నాడు నాన్న టీ తాగుతూ. షెడ్డంతా నవ్వింది.

మావయ్య నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు. "అమ్ములూ, మీ నాన్న దీనికి ఏం వాడతాడే?"

"ఇంకా పొడుగు పైపు, మావయ్యా."

నేనే ఈడ్చుకొచ్చి ఇచ్చాను. ఆట బాగా ఆడుతున్నానని గర్వం కూడా. ఈసారి పానా జారింది, మావయ్య మూతి వెళ్లి పైపుకు కొట్టుకుంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

మర్నాడు తొలి బస్సుకే అతను వెళ్లిపోయాడు.

ఇన్నేళ్లకు మొన్న మోపిదేవిలో కనిపించాడు. పెట్టుడు పళ్ళతో నవ్వుతూ, "ఆ రోజు షెడ్డులో నాకు సాయం చేద్దామనుకుంది నువ్వొక్కదానివేనే," అన్నాడు.

"అవును మావయ్యా," అన్నాను.