శుక్రవారం వెళ్లని డాలర్లు

రాజరాజేశ్వరమ్మ చేసిన వత్తులు అమెరికాలో వెలుగుతున్నాయంటే జగ్గయ్యపేటలో మొదట ఎవరూ నమ్మలేదు. వాళ్లను అనడానికేం లేదు. ఆవిడకే నమ్మకం కుదరడానికి చాలా రోజులు పట్టింది.

ఆవిడ భర్త ఉమాకాంతం గారు నందిగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్లు తెలుగు చెప్పారు. రోజూ పొద్దున్నే బస్సెక్కి, సాయంత్రం వేళ్లకంటిన సుద్దతోనే దిగేవారు. ఫిబ్రవరిలో ఒకరోజు పాఠం మధ్యలో కుడిచెయ్యి కిందికి జారిపోయింది. పక్షవాతం. కాలేజీవాళ్లు రెండు నెలల జీతం చేతిలో పెట్టి, శాలువా కప్పి ఇంటికి పంపారు. శాలువా ఎందుకో కప్పినవాళ్లకే తెలియాలి.

పిల్లలు లేరు, పింఛను లేదు. విజయవాడ డాక్టరు ఒక్కటే మాట చెప్పాడు. ఈ ఏడాది వదలకుండా ఫిజియోథెరపీ చేయిస్తే చెయ్యి వస్తుంది, మధ్యలో మానేస్తే బిగుసుకుపోతుంది, తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు. నందిగామ నుంచి కిషోర్‌బాబు అనే కుర్ర ఫిజియో వారానికి మూడుసార్లు బండి మీద వచ్చి చేయిస్తానన్నాడు. మనిషి మంచివాడే, కానీ మంచివాడైనా పెట్రోలు పోయించుకోవాలి, ఇల్లు గడుపుకోవాలి.

రాజరాజేశ్వరమ్మకు చేతనైన విద్య వత్తులు చెయ్యడం. పెనుగంచిప్రోలు నుంచి పత్తి తెప్పించి, గింజ తీసి, వేళ్లకు విబూది అద్దుకుని కూర్చుందంటే మాట్లాడుతూనే వంద వత్తులు చేసేస్తుంది. ఊళ్లోవాళ్ల నోములకు అన్నేళ్లూ ఊరికే చేసిచ్చింది. పక్కింటి సింధూర, నందిగామలో ఆడిటరు ఆఫీసులో పనిచేసే పిల్ల, ఆ వత్తులకు ఫొటోలు తీసి ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టింది. విదేశాల నుంచి డబ్బు తీసుకోవడానికి ఒక పేమెంటు కంపెనీలో ఖాతా కూడా తెరిచింది. డాలస్‌లో ఎవరో కార్డు గీకితే, కంపెనీవాళ్లు తమ వాటా తీసుకుని, మూడో రోజుకు మిగతాది రూపాయల్లో ఇక్కడి బ్యాంకులో వేస్తారు.

విదేశీ డబ్బు దేనికోసం వస్తోందని ఫారంలో అడిగితే, "దీపాలకని రాయవే" అంది రాజరాజేశ్వరమ్మ.

"అలా రాయకూడదు పిన్నీ. చేత్తో చేసిన సరుకు ఎగుమతి అనాలి."

"ఎగుమతా! నేనా!" అని ఆవిడ నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడటం ఫిబ్రవరి తర్వాత అదే మొదలు.

శ్రావణం వచ్చేసరికి అమెరికా, ఆస్ట్రేలియా, దుబాయి నుంచి ఆర్డర్లు ఊపందుకున్నాయి. మరో ఇద్దరు ఆడవాళ్లను పనికి పెట్టుకుంది. కిషోర్‌బాబు ఒక్క రోజు మానకుండా వచ్చాడు. సెప్టెంబరులో ఉమాకాంతం గారు కుడిచేత్తో గ్లాసు ఎత్తి, సగం ఒలకబోసుకుని, సగం తాగారు. ఆవిడ ఆ ఒలికిన నీళ్లు చాలాసేపు తుడవలేదు.

కార్తీకం ముందు లక్షవత్తుల ఆర్డర్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. అప్పుడే చిక్కూ వచ్చింది. డాలస్‌లో గీతాంజలి అనే ఆవిడకు పార్సిలు చేరలేదు. కొరియరువాళ్లు ఎక్కడ పడేశారో వాళ్లకే తెలీదు. గీతాంజలి విసిగిపోయి, డబ్బు ఇప్పించమని తన కార్డు బ్యాంకులో ఫిర్యాదు చేసింది. నలభై డాలర్లు. కొరియరు పుణ్యమా అని అంతకుముందు కూడా రెండు ఫిర్యాదులు వచ్చాయి. రెండుసార్లూ డబ్బు వెనక్కిచ్చి గట్టెక్కారు. మూడోదానికి ఏడు రోజుల్లో జవాబు ఇవ్వకపోతే ఖాతా మూసేస్తామని కంపెనీ రాసింది. సింధూర ఏలూరులో పెళ్లికి వెళ్లి ఆ మెయిలు చూసుకోలేదు. చూసేసరికి ఆఖరి రోజు. అది శుక్రవారం.

ఆఫీసు నుంచే ఫోన్ చేసింది. "పిన్నీ, మీ ఫోనుకు ఆరంకెల నంబరొస్తుంది. అది చెప్పండి చాలు, వెనక్కిస్తామని నేనిక్కణ్ణుంచి నొక్కేస్తా."

"నొక్కితే డబ్బు పోద్దా, పోదా?"

"పోతుందిలెండి, నలభై డాలర్లేగా."

"శుక్రవారం, దీపం పెట్టేశానే. లక్ష్మిని గడప దాటిస్తానా? రేపు పొద్దున్నే స్నానం చెయ్యగానే చెప్తా."

"రేపటికి కుదరదు పిన్నీ! సాయంత్రం అయిదున్నర దాకే టైము. ఖాతా పోతుందండీ!"

"పోదులే. ఒక్క రాత్రికి ఎవరూ ప్రాణాలు తియ్యరు. డబ్బు ఎగ్గొడతానన్నానా, రేపిస్తానన్నా."

జగ్గయ్యపేటలో ఆ మాట చెల్లుతుంది. కిరాణా కొట్టు కృష్ణయ్య దగ్గరికెళ్లి శుక్రవారం బాకీ తీర్చమంటే ఆయనా రేపు రమ్మనే అంటాడు, అడిగినవాడూ తలూపి వెళ్తాడు. అరవయ్యేళ్లుగా ఆవిడ చూసిన లోకం అది. శుక్రవారం అనగానే అర్థం చేసుకోని మనుషులు ఉంటారని ఆవిడకు తట్టలేదు.

సింధూర మూడుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి మంచం మీద నుంచి ఉమాకాంతం గారు, ముద్దగా వచ్చే మాటను కూడదీసుకుని, "ఆ పిల్ల... మాట విను" అన్నారు.

"మీరూరుకోండి" అంది.

శనివారం తెల్లవారకముందే తలస్నానం చేసి, ఫోను పట్టుకుని సింధూర ఇంటి ముందు నిలబడింది. గడువు దాటిందని వచ్చింది తెరమీద. సోమవారానికి ఖాతా మూసేశారు. అందులో ఉన్న కార్తీకం డబ్బంతా ఆరు నెలలు తమ దగ్గరే ఉంచుకుంటామని రాశారు.

సింధూర మరో రెండు కంపెనీలకు రాసింది. ఇంతకుముందు మీ ఖాతా ఎవరైనా మూశారా అని అడిగాయి. అబద్ధం రాయలేకపోయింది, అవి ఒప్పుకోలేదు. నందిగామలో బ్యాంకు మేనేజరు శాంతికుమార్ మర్యాదగా కూర్చోబెట్టి, నేరుగా బ్యాంకుకే వేయించుకోవచ్చు గానీ ఒక్కో పొట్లానికయ్యే ఖర్చు పొట్లం ఖరీదు కంటే ఎక్కువవుతుందన్నాడు. అప్పటికే ఇంట్లో మూడు లక్షల వత్తులు కట్టలుకట్టి ఉన్నాయి. పనివాళ్లిద్దరూ చెప్పకముందే మానుకున్నారు.

కిషోర్‌బాబు రెండు వారాలు డబ్బు తీసుకోకుండా వచ్చాడు. తర్వాత రాలేదు. అతన్ని తిట్టుకునే హక్కు తనకు లేదని ఆవిడకు తెలుసు. తిట్టుకోవలసింది ఎవరినో కూడా తెలుసు, రోజూ ఆ పనే చేసింది. అతను చేయించినట్టే ఆయన వేళ్లు తనే సాగదీసేది. నొప్పికి ఆయన మొహం ముడుచుకుంటే ఆపేసేది. సంక్రాంతి వెళ్లేసరికి గ్లాసు పట్టడం లేదు. శివరాత్రికి వేళ్లు అరచేతిలోకి ముడుచుకున్నాయి.

కంపెనీ ఆపిన డబ్బంతా ఏప్రిల్లో బ్యాంకులో పడింది. సింధూర పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. రాజరాజేశ్వరమ్మ వెంటనే నందిగామకు ఫోన్ చేసింది. "ఇంక రోజూ రా నాయనా. ఎంతయినా ఇస్తా."

కిషోర్‌బాబు ఆ సాయంత్రమే వచ్చాడు. చెయ్యి పట్టుకుని, మోచెయ్యి వంచి, వేళ్లు ఒక్కొక్కటే విప్పడానికి చూశాడు. చాలాసేపు చూశాడు. "బాగా బిగుసుకుపోయాయండీ" అన్నాడు తలెత్తకుండా. "ఇప్పుడు నేనొచ్చినా మీ డబ్బు దండగ." ఇవ్వబోయిన నోట్లు తీసుకోలేదు.

అతను వెళ్లాక ఆవిడ మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది. నేను చెప్పినా వినలేదు కదా అని ఆయనే ఒక్క మాట అంటే బాగుండుననిపించింది. ఆయన మాత్రం, ఆవిడ కళ్లు ఎటు చూస్తున్నాయో గమనించి, ఎడమచేత్తో దుప్పటి అంచు లాగి, ముడుచుకున్న ఆ చేతిమీద కప్పుకున్నారు.